రాగి కేథోడ్, బోరు నీళ్లు

ప్రశ్న: 1 మోలార్ పొటాషియం హైడ్రాక్సైడ్‌లో 0.1 మోలార్ పొటాషియం నైట్రేట్ కలిపి, కాపర్ ఫోమ్ (నురుగులా రంధ్రాలున్న రాగి) కేథోడ్‌తో, అంటే రుణ ఎలక్ట్రోడ్‌తో కరెంటు పంపితే నైట్రేట్ నుంచి అమ్మోనియా బాగా వచ్చింది. అదే కేథోడ్‌ని బోరు నీళ్లలో పెడితే నైట్రైట్ మిగిలిపోతోంది, కాసేపటికి కరెంటూ పడిపోతోంది. ఉత్ప్రేరకంగా పనిచేసే ఆ రాగి పాడైందా?
– పరిశోధక విద్యార్థిని, నల్గొండ

జవాబు: ముందు నీటిని అనుమానించండి. మీ ల్యాబ్ ద్రావణంలో లీటరుకు 6,200 మి.గ్రా. నైట్రేట్ ఉంది. బోరు నీళ్లలో 100 ఉంటేనే చాలా ఎక్కువ. అంత పలచగా ఉంటే ఎలక్ట్రోడ్ దగ్గరికి నైట్రేట్ చేరడమే ఆలస్యం. పైగా ఆ నీటి వాహకత తక్కువ. మీరిచ్చిన వోల్టేజీలో కొంత నీటి నిరోధానికే పోతుంది. నైట్రేట్ అమ్మోనియా కావాలంటే 8 ఎలక్ట్రాన్లు కావాలి. మొదటి రెండిటితో నైట్రైట్ అవుతుంది, ఆ పని రాగికి సులువు. మిగతా ఆరూ అందేలోపే నైట్రైట్ ఉపరితలం వదిలి నీళ్లలో కలిసిపోతుంది. అలాగని వోల్టేజీ మరీ పెంచితే హైడ్రోజన్ బుడగలే ఎక్కువవుతాయి. 0.1 మోలార్ సోడియం సల్ఫేట్ కలిపి, నీటి నిరోధాన్ని కొలిచి, దానికి పోయే వోల్టేజీని లెక్కలో సవరించుకోండి. అప్పటికీ నైట్రైట్ తగ్గకపోతే రాగి మీద కోబాల్ట్ పూత వేసి చూడండి. నైట్రైట్‌ను అమ్మోనియాగా మార్చే పనిలో కోబాల్ట్ గట్టిది.

కరెంటు పడిపోతోందంటే కేథోడ్ బయటికి తీసి చూడండి, తెల్లటి పెచ్చు కట్టి ఉంటుంది. ఒక్క నైట్రేట్ అయాన్ అమ్మోనియా అయ్యేసరికి 9 హైడ్రాక్సైడ్ అయాన్లు పుడతాయి. వాటివల్ల కాల్షియం కార్బొనేట్, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ అక్కడే పేరుకుంటాయి. పలుచని సిట్రిక్ ఆమ్లంతో కడిగితే పోతుంది గానీ, నీటి కాఠిన్యాన్ని (అందులోని కాల్షియం, మెగ్నీషియంను) ముందే అయాన్ మార్పిడి రెజిన్‌తో తీసేయడం మేలు. సెల్‌లో రెండు ఎలక్ట్రోడ్లను వేరుచేసే పొర లేకపోతే ఇంకో నష్టం: బోరు నీటి క్లోరైడ్ ఆనోడ్ (ధన ఎలక్ట్రోడ్) దగ్గర క్లోరిన్ అయి, మీరు తయారుచేసిన అమ్మోనియాను నైట్రోజన్‌గా మార్చేస్తుంది.

కొలతలోనూ జాగ్రత్త. అమ్మోనియా ఎంతుందో చెప్పే ఇండోఫినాల్ నీలం రంగును 655 నానోమీటర్ల దగ్గర చదివేటప్పుడు, పోల్చుకోవడానికి వాడే ప్రామాణిక రేఖ కూడా అదే ద్రావణంలో గీయాలి. క్షారంలో అమ్మోనియా ఎగిరిపోతుంది కాబట్టి బయటికొచ్చే వాయువును పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలోకి పంపండి. అమ్మోనియా నిజంగా నైట్రేట్ నుంచే వచ్చిందని తేలడానికి, నైట్రేట్ కలపకుండా ఒక ప్రయోగం తప్పనిసరి.

ప్రశ్న: నీటిలోని నైట్రేట్‌ను కరెంటుతో అమ్మోనియాగా మార్చే ఈ పద్ధతిలో ఊరికి తాగునీరు, పొలానికి ఎరువు రెండూ వస్తాయా?
– రైతు, కర్నూలు జిల్లా

జవాబు: నేరుగా రావండి. లీటరుకు 100 మి.గ్రా. నైట్రేట్ ఉన్న వెయ్యి లీటర్ల నీటిని పూర్తిగా మార్చినా వచ్చేది 27 గ్రాముల అమ్మోనియానే. అది నీళ్లలోనే ఉంటుంది. తాగునీటిలో నైట్రేట్‌కు పరిమితి లీటరుకు 45 మి.గ్రా. అయితే అమ్మోనియాకు 0.5 మాత్రమే. ముందు అయాన్ మార్పిడి రెజిన్‌తో నైట్రేట్‌ను పట్టి, రెజిన్ కడిగిన చిక్కటి ఉప్పునీటి మీద ఈ పద్ధతి వాడితే అర్థముంది.