కోనసీమ గాలిలో సొంతంగా కట్టుకున్న విమానం: సంరక్షణ, బీమా

అమలాపురం దగ్గర షెడ్డులో ఉంచే సొంత తయారీ రెండు సీట్ల విమానానికి ఏ జాగ్రత్తలు, ఏ బీమా అని అడిగారు.

ముందు భయపడాల్సింది ఉప్పుగాలికే. అల్యూమినియం రేకులో స్టీలు బోల్టు దిగిన చోట చెమ్మ చేరితే అల్యూమినియమే ముందు పాడవుతుంది: రంగు కింద బుడగలు లేస్తాయి, గీకితే తెల్లటి పొడి రాలుతుంది. రెక్కల అతుకులు, కంట్రోలు కేబుళ్ల చివర్లు టార్చి వేసి చూడండి. టార్పాలిన్ బిగించి కప్పకండి, గాలి ఆడాలి. మీ విమానానిది రోటాక్స్ 912 ఇంజను అయితే, పెట్రోలులో 10 శాతం ఇథనాల్ వరకే అనుమతి. మన బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతంది. దయచేసి అది పోయకండి.

బీమాలో విమానానికి జరిగే నష్టం వేరు, కింద ఉన్న మనుషులకు, ఇళ్లకు జరిగేది వేరు. డబ్బు చాలకపోతే మొదటిది తగ్గించుకోండి, రెండోది మాత్రం వదలకండి. డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) అనుమతి, పైలట్ లైసెన్సు గడువు దాటితే క్లెయిము రావడం కష్టం. ప్రతి మరమ్మతూ తేదీతో లాగ్‌బుక్‌లో రాయండి.