ఫోన్ చెప్తే గానీ లెక్క రాదు

ప్రశ్న: మా బాబు నాలుగో తరగతి. ఏడెనిమిదులు ఎంతరా అంటే ఆలోచించడు, ఫోన్‌నే అడుగుతాడు. మూడేళ్ల పాపకి ఫోన్ చూపిస్తే గానీ ముద్ద దిగదు. ఒకటే టెన్షన్.
- ఓ తల్లి, బొబ్బిలి

జవాబు: బాబు మొద్దేం కాదమ్మా. జవాబు తట్టక తల గోక్కునే ఆ రెండు నిమిషాలున్నాయి చూడండి, లెక్క బుర్రకెక్కేది అక్కడే, ఫోన్ వాటినే మింగేస్తోంది. ముందు తప్పో ఒప్పో కాగితం మీద వేయమనండి, ఫోన్ సరిచూసుకోవడానికే. కూరల బజారుకి తీసుకెళ్లి ముప్పావు కిలో వంకాయలకి ఎంతవుతుందో వాడినే చెప్పమనండి, కొట్టువాడు కాస్త విసుక్కున్నా ఫరవాలేదు.

పాప సంగతంటారా, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి స్క్రీన్ రోజుకి గంట మించొద్దని, తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. అన్నం దగ్గర మాత్రం అసలొద్దు. నాలుగు రోజులు ఏడుస్తుంది, పస్తుండదులెండి. అన్నట్టు, ఆ టైంలో మీ ఫోన్ కూడా పక్క గదిలోనే ఉండాలి.