గుడ్డు మానేసి బెల్లం తింటే రక్తం పడుతుందా?

ప్రశ్న: నా వయసు 36 ఏళ్లు, బరువు 56 కిలోలు. మాది అనకాపల్లి జిల్లా. కొంతకాలంగా మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, కళ్లు తిరుగుతున్నాయి. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.6 ఉందన్నారు. నెలసరి ఆరేడు రోజులు, ఎక్కువగానే అవుతుంది. గుడ్డు వేడి చేస్తుందని మా అత్తగారు మాన్పించి, దాని బదులు రోజూ బెల్లం ముక్క, నువ్వులుండ తినమంటున్నారు. గుడ్డులో ఉన్న బలమంతా బెల్లంలోనూ ఉంటుందనడం నిజమేనా? మావారికి షుగర్ ఉంది. ఆయన పంచదార మానేసి బెల్లం కాఫీ తాగుతున్నారు, గుడ్డులో పచ్చసొన తీసేసి తింటున్నారు. మా ఇద్దరికీ ఏది మంచిది?

జవాబు: గుడ్డు, బెల్లం ఒకదానికి ఒకటి బదులు కాగల పదార్థాలు కావు. గుడ్డు ప్రధానంగా మాంసకృత్తులను, కొన్ని విటమిన్లను ఇచ్చే ఆహారం. బెల్లం చెరకు రసాన్ని కాచి తీసిన తీపి, అంటే దాదాపుగా చక్కెరే. కాబట్టి గుడ్డు బలం బెల్లంలో ఉంటుందన్న మాట సరికాదు. అయితే మీ ఉత్తరంలో అంతకంటే ముఖ్యమైనది మీ హిమోగ్లోబిన్. 9.6 అంటే మధ్యస్థ స్థాయి రక్తహీనత. దాన్ని బెల్లమూ సరిచేయదు, గుడ్డూ సరిచేయదు.

ముందు గుడ్డు సంగతి చూద్దాం. పెంకు తీశాక సుమారు 50 గ్రాములు ఉండే ఒక కోడిగుడ్డులో 70 నుంచి 75 కేలరీల శక్తి, 6 గ్రాముల పైచిలుకు మాంసకృత్తులు, 5 గ్రాముల కొవ్వు ఉంటాయి. పిండిపదార్థం అర గ్రాము కూడా ఉండదు. మన శరీరం సొంతంగా తయారు చేసుకోలేని తొమ్మిది అమైనో ఆమ్లాలూ ఇందులో తగిన పాళ్లలో ఉంటాయి గనుక ఈ మాంసకృత్తులు చాలా నాణ్యమైనవి. మీ బరువుకు రోజుకు దాదాపు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. రెండు పూటలా అన్నం, పప్పుచారు, ఒక కూరతో సరిపెట్టుకునే ఇళ్లలో ఈ లెక్క తరచూ తగ్గిపోతుంది, ముఖ్యంగా అందరూ తిన్నాక మిగిలినదానితో సర్దుకునే ఆడవారిలో. గుడ్డులో విటమిన్ ఎ, డి, బి12, సెలీనియం, కోలిన్ కూడా ఉన్నాయి. వీటిలో బి12 మీ విషయంలో చెప్పుకోదగ్గది, ఎందుకంటే ఎర్ర రక్తకణాల తయారీకి అది తప్పనిసరి, పైగా మొక్కల నుంచి వచ్చే ఆహారంలో అది దాదాపు ఉండదు. రోజుకు రెండు మైక్రోగ్రాముల పైచిలుకు కావలసిన బి12లో ఒక గుడ్డు సుమారు అర మైక్రోగ్రాము ఇస్తుంది. గుడ్డులో లేనివి పీచు, విటమిన్ సి.

బెల్లం నూరు గ్రాములు తీసుకుంటే సుమారు 350 నుంచి 380 కేలరీలు వస్తాయి, అందులో అధిక భాగం సుక్రోజు అనే చక్కెర నుంచే. మాంసకృత్తులు లెక్కలోకి రానంత తక్కువ, బి12 అసలే లేదు. పంచదార తయారీలో మడ్డితో పాటు తొలగిపోయే పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం, కొద్దిపాటి ఇనుము బెల్లంలో మిగిలి ఉంటాయి. ఈ ఖనిజాలు ఉన్నమాట నిజమే, అవి మనం తినే మోతాదులో ఎంత అన్నదే ప్రశ్న. ఎవరూ పూటకు నూరు గ్రాముల బెల్లం తినరు, తినకూడదు కూడా. తాటి బెల్లానికీ ఇదే మాట వర్తిస్తుంది.

ఇనుము లెక్క కాస్త వివరంగా చూడడం అవసరం, ఎందుకంటే బెల్లం తింటే రక్తం పడుతుందన్న నమ్మకమంతా దీనిమీదే నిలబడి ఉంది. బెల్లం ఎక్కడ, ఎలా వండారన్నదాన్ని బట్టి ఇనుము మారుతుంది. ఇనుప పెనంలో కాచినప్పుడు కొంత పెనం నుంచి కూడా చేరుతుంది. నూరు గ్రాములకు 5 మిల్లీగ్రాములు ఉన్నాయనే అనుకుందాం. మీరు తినే 10 గ్రాముల ముక్కలో ఉండేది అర మిల్లీగ్రాము. మొక్కల నుంచి వచ్చే ఇనుములో పదో వంతు ఒంటపట్టడమే గొప్ప. మీలాగా లోపం ఉన్నవారిలో రెట్టింపు పడుతుందని ఉదారంగా లెక్కేసినా నెల మొత్తానికి 3 మిల్లీగ్రాములు. మరోవైపు, ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో ప్రతి మిల్లీలీటరుకూ దాదాపు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. నెలసరిలో 80 మిల్లీలీటర్లకు మించి పోతే దాన్ని అధిక రక్తస్రావం అంటాం. అంటే ఒక్క నెలసరిలోనే 40 మిల్లీగ్రాముల దాకా ఇనుము పోవచ్చు. 3 వచ్చి 40 పోయే చోట నిల్వ ఎలా పెరుగుతుంది? భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించిన ప్రకారం మీ వయసు స్త్రీకి ఆహారం ద్వారా రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము అందాలి. దాన్ని బెల్లంతోనే తీర్చుకోవాలంటే రోజుకు అరకిలోకు మించి తినాలి, అది రెండు వేల కేలరీల చక్కెర అవుతుంది.

గుడ్డును కూడా ఈ విషయంలో వెనకేసుకురాలేను. ఒక గుడ్డులో ఇనుము ఒక మిల్లీగ్రాముకు అటూఇటూ ఉంటుంది. పచ్చసొనలోని ఫాస్విటిన్ అనే మాంసకృత్తి ఆ ఇనుమును గట్టిగా పట్టి ఉంచడం వల్ల అందులో ఒంటపట్టేది మరీ తక్కువ, అదే భోజనంలోని ఇతర పదార్థాల ఇనుమును కూడా అది కొంత అడ్డుకుంటుంది. కాబట్టి గుడ్డును మాంసకృత్తుల కోసం, బి12 కోసం తినండి. రక్తం కోసం దాని మీద ఆధారపడకండి.

మీ అత్తగారు చెప్పినదాంట్లో నువ్వులుండ మాత్రం మంచి సలహా. అందులో మేలు చేసేవి నువ్వులు. బెల్లం వాటిని ఉండ కట్టడానికి పనికొస్తుంది. నువ్వుల్లో ఇనుము, కాల్షియం, మాంసకృత్తులు మూడూ చెప్పుకోదగినంత ఉన్నాయి. పల్లీ చిక్కీ సంగతీ అంతే. ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లలకు మధ్యాహ్న భోజన పథకంలో గుడ్డు, చిక్కీ రెండూ చేర్చినప్పుడు ఒకటి ఇచ్చి మరొకటి మానేయాలని ఎవరూ అనుకోలేదు. రోజుకు ఒక చిన్న ఉండ తినండి, గుడ్డు మానకండి.

గుడ్డు వేడి చేస్తుందన్న మాటకు వైద్యపరమైన ఆధారం లేదు. మండువేసవిలో కూడా ఉడికించిన గుడ్డు తినవచ్చు. ఎవరికైనా గుడ్డు తిన్న వెంటనే దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు వస్తే అది అలర్జీ, వారు మానేయాలి. పచ్చిగుడ్డు తాగితే ఎక్కువ బలమన్న నమ్మకం ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. నిజానికి పచ్చిగుడ్డులోని మాంసకృత్తులు సరిగా జీర్ణం కావు, సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి వల్ల విరేచనాలు, జ్వరం వచ్చే ప్రమాదం ఉంది.

ఇక మీకు కావలసిన చికిత్స. ముందుగా పూర్తి రక్తకణాల పరీక్షలో కణాల సగటు పరిమాణం, సీరం ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతో చెప్పే పరీక్ష), విటమిన్ బి12, థైరాయిడ్ చూపించుకోండి. ఫెర్రిటిన్ తక్కువగా ఉంటే ఇనుము లోపమని తేలినట్టే. వైద్యుల సలహాతో ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మొదలుపెట్టాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఇచ్చే పెద్దల మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, ఒక్క మాత్ర నూట ఇరవై బెల్లం ముక్కలకు సమానమన్నమాట. విరేచనం నల్లగా రావడం చూసి భయపడి చాలామంది మధ్యలోనే మానేస్తారు. అది మాత్ర వల్ల వచ్చే మార్పే, ప్రమాదం కాదు. మాత్ర వేసుకోవడానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ, టీ వద్దు. పాలు, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకోవద్దు. థైరాయిడ్ మాత్ర వాడుతుంటే రెంటికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. నెల రోజుల్లో హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి. మామూలు స్థాయికి వచ్చాక కూడా నిల్వలు నిండడానికి మరో మూడు నెలలు కొనసాగించాలి. భోజనంలో తోటకూర, పప్పులు, అలవాటుంటే మాంసం, కాలేయం ఉండనివ్వండి. అన్నంలో నిమ్మకాయ పిండుకోవడం, భోజనం తర్వాత జామకాయ ముక్క తినడం ఇనుము ఒంటపట్టడానికి బెల్లం కంటే ఎక్కువ తోడ్పడతాయి.

అయితే ఎంత ఇనుము ఇచ్చినా పోయేది పోతూనే ఉంటే ప్రయోజనం ఉండదు. నెలసరి ఎందుకు ఎక్కువగా అవుతోందో తెలుసుకోవడానికి స్త్రీ వైద్య నిపుణులను కలిసి పొట్ట స్కానింగ్ చేయించుకోండి. మీ వయసులో గర్భసంచిలో గడ్డలు సాధారణంగా కనిపించే కారణం, వాటికి మంచి చికిత్సలు ఉన్నాయి.

మీవారి విషయంలో నా అభిప్రాయం మీ ఇంటి అలవాటుకు వ్యతిరేకం. ఆయన వదిలిపెట్టవలసింది బెల్లం, పూర్తిగా వదలనక్కర్లేనిది పచ్చసొన. బెల్లం రక్తంలో గ్లూకోజును దాదాపు పంచదారంతగానే పెంచుతుంది. రంగు, వాసన, ఖనిజాలు మధుమేహం దృష్టిలో ఏ తేడా తీసుకురావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితం చేయమన్న చక్కెరల్లో బెల్లం, తేనె కూడా లెక్కకు వస్తాయి. సహజమైనదన్న ధైర్యంతో పంచదారకు రెట్టింపు బెల్లం వేసుకునేవారిని క్లినిక్‌లో తరచూ చూస్తుంటాను. స్టీవియా ఆకు నుంచి తీసిన తీపిలో కేలరీలు లేవు, గ్లూకోజు పెరగదు, మితంగా వాడుకోవచ్చు. దాంట్లో పోషకాలూ ఏమీ లేవు, బరువు తగ్గడానికి అలాంటి తీపులపై ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. కాఫీలో తీపిని కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావడమే మేలు.

పచ్చసొనలో 185 నుంచి 200 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉన్నమాట నిజమే అయినా, చాలామందిలో రక్తంలోని కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా పెంచేవి నెయ్యి, వనస్పతి, వేపుళ్లలోని కొవ్వులు. విటమిన్ ఎ, డి, కోలిన్ ఉన్నది పచ్చసొనలోనే. గుండె జబ్బు లేకుండా, చెడు కొలెస్ట్రాల్ అదుపులో ఉంటే వారానికి మూడు నాలుగు గుడ్లు పచ్చసొనతో, ఉడికించి తినవచ్చు. ఏడాదిగా లిపిడ్ పరీక్ష (రక్తంలో కొలెస్ట్రాల్, కొవ్వుల పరీక్ష) చేయించి ఉండకపోతే ముందు అది చేయించి, ఆ ఫలితంతో తన వైద్యుణ్ని అడిగి నిర్ణయించుకోమనండి.

మీకు ఆయాసం పెరిగినా, కూర్చున్నప్పుడు కూడా గుండెదడ అనిపించినా, పాదాలు వాచినా నెల గడువు కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.