ఛార్జ్ ఎవరికి అప్పగించావు బుజ్జీ?

తెనాలి

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జికి, పెద్దమ్మ దీవించి రాయునది.

ఇల్లు చేరగానే ఫోన్ చేశాను కదా, మళ్ళీ ఈ ఉత్తరం ఏంటి అనుకుంటావు. ఫోనులో చెబితే ఒక చెవితోనే వింటావు. రెండోది కుక్కర్ కూతల మీద ఉంటుంది. కాగితమైతే పిల్లలు పడుకున్నాక తీరిగ్గా చదువుకోవచ్చు. పోస్టులో వేస్తే ఎప్పటికి చేరుతుందోనని మీ అన్నయ్య దీన్ని ఫోటో తీసి పంపుతానన్నాడు. నా రాత అర్థం కాకపోతే అడుగు. 31 ఏళ్ళు డాక్టర్ల రాత చదివి చదివి నాదీ అలాగే అయింది.

కంటి ఆపరేషన్ పేరుతో నన్ను పది రోజులు మీ ఇంట్లో కూర్చోబెట్టావు. చుక్కలు వేయించుకోవడం తప్ప వేరే పని లేదు. పని లేని నర్సు ఊరికే ఉండదు, చుట్టూ జరిగేది చూస్తూ ఉంటుంది. ఒక కంటికి పట్టీ ఉన్నా రెండోది బాగానే పనిచేసింది.

నేను బయల్దేరే ముందురోజు రాత్రి బట్టలు మడత పెడుతూ, "పెద్దమ్మా, రోజుకి 30 గంటలుంటే బాగుండు" అన్నావు. బస్సులో దారంతా అదే ఆలోచించాను. నీకు 30 గంటలిచ్చినా చాలవు. ఎందుకో చెబుతాను, కోపం తెచ్చుకోకు.

అల్లుడు పని చేయడని నేననను. గిన్నెలు తోముతాడు, పిల్లలకి స్నానాలు చేయిస్తాడు, పాలు కాస్తాడు. మా కాలం మగవాళ్ళ పక్కన నిలబెడితే బంగారం. కానీ గురువారం పొద్దున ఊసుపోక లెక్కపెట్టాను. ఆరున్నర నుంచి ఏడూ ముప్పావు దాకా అతను నిన్ను అడిగిన ప్రశ్నలు 14. చిన్నదానికి ఏ గౌను వేయను? స్నాక్స్ డబ్బా మూత ఎక్కడ? ఇవాళ పెద్దాడికి తెల్ల డ్రెస్సా, మామూలుదా? డైరీలో సంతకం పెట్టావా? నువ్వు చట్నీకి తాలింపు వేస్తూ, మధ్యలో ఆఫీసు మెసేజ్‌లు చూస్తూ, 14కీ జవాబు చెప్పావు. చేతులు అతనివే గానీ, తలకాయ మాత్రం నీదే వాడుకుంటున్నాడు.

ఆసుపత్రిలో మాకు మూడు డ్యూటీలు ఉండేవని నీకు తెలుసు. పొద్దున 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి 8, రాత్రి 8 నుంచి మళ్ళీ పొద్దున 8. డ్యూటీ మారేటప్పుడు రిపోర్ట్ బుక్కు పట్టుకుని, దిగే సిస్టరూ ఎక్కే సిస్టరూ కలిసి ప్రతి మంచం దగ్గరికీ వెళ్ళాలి. 4లో ఆయనకి సెలైన్ పదింటికి అయిపోతుంది. 7లో ఆవిడకి షుగర్, అన్నం తిన్నాక చూడాలి. 11లో పిల్లాడు బాగానే ఉన్నాడు గానీ వాళ్ళమ్మకి భయం ఎక్కువ, కాస్త పలకరిస్తూ ఉండు. ఇలా అన్నీ చెప్పి, సంతకం పెట్టి గేటు దాటాక ఆ వార్డు నాది కాదు. పదింటికి సెలైన్ మార్చారో లేదోనని ఇంటి నుంచి ఆరా తీయకూడదు. తీస్తే వచ్చిన సిస్టర్‌కి అవమానం, నాకు నిద్ర చేటు.

వార్డులో ఇంత పద్ధతిగా ఉన్నదాన్ని ఇంట్లో ఎలా ఉన్నాననుకున్నావు? 1991లో మీ అన్నయ్యకి నాలుగేళ్ళు. నాకు పిల్లల వార్డులో రాత్రి డ్యూటీ. తొమ్మిదిన్నరకి మీ పెదనాన్న సైకిల్ తొక్కుకుంటూ వార్డు గుమ్మం దగ్గరికి వచ్చారు, చొక్కా అంతా చెమట. ఏం కొంప మునిగిందోనని నాకు కాళ్ళు ఆడలేదు. "పిల్లాడికి జ్వరం. మందు సీసా ఎక్కడ పెట్టావు?" అన్నారు. పక్కింటావిణ్ణి పిల్లాడి దగ్గర కూర్చోబెట్టి, రెండు కిలోమీటర్లు తొక్కుకుంటూ వచ్చింది ఆ ఒక్క మాట అడగడానికి! సీసా బీరువాలో చీరల వెనక ఉంది. పిల్లల చేతికి అందకూడదని నేనే దాచాను. ఎన్ని చెంచాలు వేయాలో కూడా నాకే తెలుసు. అందరి ముందూ ఆయన్ని కేకలేసి పంపించాను.

తెల్లారుజామున సందడి తగ్గాక, రిపోర్ట్ రాస్తుంటే తట్టింది. వార్డు అప్పగించకుండా ఏనాడూ గేటు దాటని మనిషిని, ఇల్లు మాత్రం ఎవరికీ అప్పగించకుండానే రోజూ గేటు దాటి వస్తున్నాను. ఆయన ఇంట్లోనే ఉన్నారు, కానీ డ్యూటీలో లేరు. నేనెప్పుడూ ఎక్కించలేదు. ఆయనా ఎక్కుతానని అడగలేదనుకో, అది వేరే సంగతి. దాని గురించి మేం చాలా ఏళ్ళు పోట్లాడుకున్నాం.

ఆ వారమే పొడుగాటి నోటు పుస్తకం ఒకటి కొని, వంటింటి తలుపుకి మేకు కొట్టి దారంతో వేలాడదీశాను. మందులెక్కడున్నాయో, ఏది ఎంత వేయాలో, గ్యాసు ఎప్పుడు పెట్టామో, పాలవాడికి ఎంత బాకీ, స్కూలు ఫీజు ఏ తేదీ, అన్నీ అందులోకి ఎక్కాయి. మీకిప్పుడు ఫోన్లున్నాయి కాబట్టి ఫోనులో రాసుకుంటారేమో. నన్నడిగితే గోడకి వేలాడే పుస్తకమే మేలు. ఫోను తెరిస్తే మనం చూడాలనుకున్నది తప్ప అన్నీ కనిపిస్తాయి.

పుస్తకం సగమే పని. అసలుది అప్పగించడం. ఏ పనికైనా ముందు గుర్తుపెట్టుకోవడం ఉంటుంది, తర్వాత చేయడం, ఆ తర్వాత అయిందో లేదో చూసుకోవడం. నువ్వు అల్లుడికి మధ్య ముక్క ఒక్కటే ఇచ్చి, ముందుదీ చివరిదీ నీ నెత్తిన పెట్టుకుంటున్నావు. అందుకే అతను ఎంత చేసినా నీకు తేలిక కావడం లేదు. "కాస్త సాయం చెయ్యి" అనడం మానేసి, ఒక వార్డు మొత్తం ఇచ్చెయ్యి. నా మాట విని స్కూలు మొత్తం ఇవ్వు. బస్సు, డైరీ, యూనిఫాం, ఫీజు, పేరెంట్స్ మీటింగ్, పుట్టినరోజులకి పట్టుకెళ్ళే గిఫ్టులు, అన్నీ అతనివే. ఆ స్కూలు వాట్సాప్ గ్రూపులోంచి నువ్వు బయటికి వచ్చెయ్యి. అందులో రోజుకి 60 మెసేజ్‌లు వస్తే 55 థాంక్యూలే కదా! వంటా, డాక్టరూ నీ దగ్గర ఉంచుకో. లేదా తిరగేసి ఇవ్వు. ఎవరికి ఏదన్నది మీ ఇద్దరిష్టం, కానీ ఇచ్చేది మాత్రం మొత్తంగా ఇవ్వు.

ఇచ్చాక మొదటి నెల నరకమే. ఇది దాచిపెట్టి చెబితే నీకు మోసం చేసినట్టు. మీ పెదనాన్నకి స్కూలు అప్పగించిన రెండో వారంలోనే మీ అక్కని తెల్ల బట్టల రోజున రంగు బట్టల్లో పంపారు. సాయంత్రం అది ఏడుస్తూ వచ్చింది. నాకు నాలుక చివరిదాకా వచ్చిన మాట మింగాను. తర్వాత నెలకి ఆయనే ఆదివారం రాత్రి ఇస్త్రీపెట్టె ముందు కూర్చుని, వారానికి సరిపడా బట్టలు వరసగా పెట్టేవారు. నేను ఆ సాయంత్రం నోరు జారి ఉంటే మర్నాడే ఆ పని నా దగ్గరికి తిరిగొచ్చేది. మగవాళ్ళు పనికి చాలరని కాదు. మనం చేసిచ్చిన తప్పించుకునే దారి ఎవరు మాత్రం వాడుకోరు?

కేంద్రం వాళ్ళు 2024లో చేసిన సర్వే గురించి పేపర్లో చదివాను, ఎవరు ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారని. ఇంటిపని చేసే ఆడవాళ్ళు సగటున రోజుకి 289 నిమిషాలు చేస్తున్నారట, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. ఈ రెండు అంకెలూ అల్లుడికి చూపించు, దెప్పడానికి కాదు. మరి నువ్వు ఆఫీసు మీటింగ్‌లో కూర్చుని 'పెరుగు తోడు పెట్టానా' అని ఆలోచించే నిమిషాలు వాళ్ళు ఏ గడిలో వేసుకుంటారో నాకు తెలీలేదు.

వంట సంగతి కొంచెం. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో పూటకి రెండు కూరలు ఎవరి కోసం? నేనున్నానని చేశావా? పప్పో కూరో ఒకటి చాలు. పక్కన పొడి, పచ్చడి, పెరుగు ఉంటే మనవాళ్ళకి అది భోజనం కాదా? కందిపొడి, నువ్వులపొడి, కరివేపాకు పొడి నెలకోసారి చేసి సీసాల్లో పోసుకుంటే, ఒంట్లో బాగాలేని రోజున అన్నం ఒక్కటి వండితే గడిచిపోతుంది. పిండి మాత్రం ఆదివారం రుబ్బించు. గ్రైండర్ వేసి పర్యవేక్షించే పనేముంది, పెద్దాడు కూడా చూడగలడు. రెండు గిన్నెలు చెయ్యి. ఒకటి బయట పులవనివ్వు, రెండోది పులవకుండానే ఫ్రిజ్‌లో పెట్టి మంగళవారం రాత్రి బయటికి తీయి. అన్నీ ఒకేసారి పులియబెట్టి గురువారానికి పుల్లటి దోసెలు పోస్తున్నావు, పిల్లలు వంకలు పెడుతున్నారు, వాళ్ళని బతిమాలడానికి పావుగంట పోతోంది. అంత డబ్బు సంపాదిస్తున్నారు, గిన్నెలకీ ఇల్లు తుడవడానికీ మనిషిని పెట్టుకోవడానికి ఆలోచించకు. అది విలాసం అన్న మీ అత్తగారితో నేను మాట్లాడతాను.

పొద్దున పరుగు తగ్గాలంటే ముందురోజు రాత్రి తొమ్మిదింటికి పావుగంట చాలు. బ్యాగులు గుమ్మం దగ్గర, నీళ్ళ సీసాలు నింపి, కూరగాయలు తరిగి, బట్టలు కుర్చీ మీద. ఇది నలుగురూ కలిసి చేయాలి. చిన్నది సాక్సులు జతచేస్తుంది, మూడేళ్ళ పిల్లకి అది ఆటే. పెద్దాడికి ఏడేళ్ళొచ్చాయి, బూట్ల తాడు కట్టుకోవడానికి ఆరు నిమిషాలు తీసుకున్నాడని నువ్వే వంగి కట్టావు. ఆ ఆరు నిమిషాలూ వాడికివ్వు, పది నిమిషాల ముందు మొదలుపెట్టు. ఇవాళ నువ్వు కడితే పదేళ్ళు నువ్వే కట్టాలి.

నిద్ర గురించి నేను కాస్త గట్టిగానే చెబుతాను. చిన్నది రాత్రి 11 దాకా ఫోను చూస్తోంది, ఆరున్నరకి లేపుతున్నారు. మూడు నాలుగేళ్ళ పిల్లలకి పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని, తెర ముందు గంటకి మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పొద్దున అది పెట్టే పేచీ మొండితనం కాదమ్మా, నిద్ర చాలకపోవడం. తొమ్మిదిన్నరకి పడుకోబెట్టి చూడు, పొద్దున అరగంట మిగులుతుంది, రాత్రి మీ ఇద్దరికీ గంట మిగులుతుంది. నీ నిద్ర కూడా తగ్గించుకోకు. వరసగా ఐదో రాత్రి డ్యూటీలో ఒకసారి ఒక మందుకి బదులు ఇంకో మందు చేతిలోకి తీసుకున్నాను. పక్కన సిస్టర్ చూసి ఆపింది. సీసాలు రెండూ ఒకేలా ఉన్నాయని అప్పుడు అనుకున్నాను. సీసాల తప్పు కాదు, పగలు పిండి వంటలు చేసుకుంటూ నిద్రపోని నా తప్పు.

మీ ఆఫీసులో పిల్లల్ని ఉంచే క్రెష్ ఉందా అని అడిగితే తెలీదన్నావు. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించినప్పుడు 50 మందికి తగ్గకుండా పనిచేసే చోట క్రెష్ సౌకర్యం ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోవచ్చని చేర్చారు. సోమవారం వెళ్ళగానే అడుగు. మొహమాటపడితే ఎవరూ పిలిచి ఇవ్వరు.

ఇంకొక్కటే. ఆఫీసు నుంచి రాగానే నువ్వు నేరుగా వంటింట్లోకి వెళుతున్నావు, పిల్లలు నీ వెనకాల తోకల్లా తిరుగుతూ విసిగిస్తున్నారు. ముందు బ్యాగు పడేసి, ఫోను ఫ్రిజ్ మీద పెట్టి, 20 నిమిషాలు వాళ్ళ పక్కన నేల మీద కూర్చో. ఏమీ నేర్పించకు, హోంవర్కు అడగకు. వాళ్ళు చెప్పింది విను. కడుపు నిండినట్టు వాళ్ళే లేచి ఆటకి పోతారు, ఆ తర్వాత ప్రశాంతంగా వండుకో. ఇది నేను మీ అక్కకి చేయలేదు. డ్యూటీ నుంచి వస్తూనే పొయ్యి దగ్గరికే వెళ్ళేదాన్ని. అది గుమ్మంలో నిలబడి ఏదో చెబుతుంటే "ఊఁ, ఊఁ" అనేదాన్ని. ఏం చెప్పిందో ఇప్పుడు అడిగితే దానికీ గుర్తులేదంటుంది.

మీ అన్నయ్య వచ్చే శనివారం హైదరాబాద్ వస్తున్నాడు. వాడితో కందిపొడి, గోంగూర పచ్చడి పంపుతున్నాను. గోంగూర సీసా మూత గట్టిగా ఉంది, గుడ్డతో పట్టుకుని తిప్పు. పొడుగాటి నోటు పుస్తకం కూడా ఒకటి పెట్టాను, దారం కట్టే ఉంది. మేకు మాత్రం అల్లుణ్ణే కొట్టమను. ఎక్కడ కొట్టాలని నిన్ను అడుగుతాడు. చెప్పకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ