ఎండ సంగతి మరిచిపోకు

చిట్టితల్లీ,

సైకిల్ పందేలకు సిద్ధమవుతున్నావని మీ నాన్న ఫోను చేసి చెప్పాడు. మన ఇంట్లో మళ్లీ ఒకరు పందెం సైకిలెక్కుతున్నారని సంతోషం పట్టలేకపోయాను. ఆ రాత్రి నిద్ర కూడా పట్టలేదు.

హెల్మెట్ లేకుండా గుమ్మం దాటకు. పెడల్ అడుగుకు దిగినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండేలా సీటు పెట్టించుకో. మొదటి రెండు నెలలు కరకట్ట మీద ఉండవల్లి వైపు, పక్కనున్న వాళ్లతో మాట్లాడగలిగేంత నిదానంగా తొక్కు. బరువైన గేరుతో మోకాళ్లను హింసపెట్టకు. నిమిషానికి 80, 90 సార్లు పెడల్ తిరగనీ. ఏ వారమూ దూరం పదో వంతుకు మించి పెంచవద్దు. వేగం సాధన ఆ తర్వాతే: 5 నిమిషాలు గట్టిగా, 5 నిమిషాలు తేలిగ్గా, నాలుగు దఫాలు. గుంపులో ఉన్నప్పుడు ముందువారి వెనక చక్రం పక్కకు నీ ముందు చక్రాన్ని పోనివ్వకు. తగిలితే పడేది నువ్వే.

ఇక ఎండ.

1984లో, రోహిణీ కార్తెలో, ఇద్దరు స్నేహితులతో పందెం కట్టి బెజవాడ నుంచి గుంటూరు వెళ్లి రావాలని బయలుదేరాను. బయలుదేరేసరికే ఎనిమిదయింది. నీళ్లకు ఆగితే వెనకబడతానని పెదకాకానిలో కూడా ఆగలేదు. తిరుగుదారిలో కాజ దగ్గరికి వచ్చేసరికి చెమట ఆగిపోయింది. నిప్పులు చెరిగే ఎండలో నాకు చలి వేసింది! ముంజేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు. అవి చూస్తూ కూడా, చల్లబడ్డానులే అనుకుని ఇంకా గట్టిగా తొక్కాను. తర్వాత హ్యాండిల్ ఎటు తిరిగిందో తెలియదు. కళ్లు తెరిచేసరికి తాటిముంజలమ్మే అవ్వ కుండ నీళ్లు నా నెత్తిన గుమ్మరించి, తాటాకుతో విసురుతోంది. "ఎవరి బిడ్డవు నాయనా, ఇంట్లో అమ్మ లేదా?" అని ఆమె తిట్టిన తిట్టు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

నిన్న పదకొండు గంటలకు ఇల్లు చేరావట. బుద్ధి ఉందా? తెల్లవారకముందే బయలుదేరి, ఎనిమిదికల్లా ఇంట్లో ఉండాలి. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి రెండు వారాలు పడుతుంది, తొందరపడకు. వెళ్లే ముందు, వచ్చాక బరువు చూసుకో. కిలో తగ్గితే దాదాపు లీటరు నీరు పోయినట్టు. తగ్గింది నీ ఒంటి బరువులో నూటికి రెండు వంతులు దాటితే తాగింది చాలలేదని గుర్తు. సీసాలో చిటికెడు ఉప్పు, కాస్త పంచదార వేసుకో. చలి పుట్టినా, తల తిరిగినా, వెంటనే దిగి నీడకు పో. పందెం పోతే పోనీ తల్లీ.

రెండు పెద్ద సీసాలు, బరువు చూసే యంత్రం కొని ఉంచాను. ఆదివారం వచ్చి తీసుకెళ్లు. పెద్దమ్మ నీకోసం మజ్జిగ చిలుకుతానంది.

నీ పెదనాన్న