మీ విశ్వాసం తక్కువై కాదమ్మా

ప్రశ్న: ప్రభువు నామంలో వందనాలు. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక పల్లె. నాకు 36 ఏళ్ళు. పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తాను. మా ఆయనకు 43. కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపేవారు. రెండేళ్ళ క్రితం కిడ్నీలు పాడయ్యాయన్నారు. ఏడాదిగా మంగళ, గురు, శనివారాల్లో డయాలసిస్. నేను పుట్టినప్పటి నుంచీ సంఘంలో ఉన్నదాన్ని. పెళ్ళయిన నాలుగేళ్ళకు ఆయన కూడా బాప్తిస్మం తీసుకున్నారు. మా అత్తగారు మాత్రం అరసవల్లి సూర్యనారాయణస్వామికి మొక్కుకుని, కొడుకును అక్కడికి తీసుకెళ్తానంటున్నారు. నెల క్రితం మా ఊళ్ళో స్వస్థత కూటాలు జరిగాయి. బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు మా ఆయన తల మీద చేయి పెట్టి ప్రార్థించి, "నమ్మితే ఇప్పుడే బాగయ్యావు, ఇక యంత్రంతో పనేమిటి" అన్నారు. అప్పటి నుంచి ఆయన డయాలసిస్ మానేస్తానంటున్నారు. మా ప్రార్థన కూటంలో ఒక అక్క, "మీ ఇంట్లో విశ్వాసం చాలడం లేదు, ఒప్పుకోని పాపమేదో ఉంది" అంది. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర లేదు. శుక్రవారాలు మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉపవాసం ఉంటున్నాను. పోయిన శనివారం ఆయన "ఈ డబ్బు పిల్లాడి చదువుకు ఉంచు" అని ఆటో ఎక్కనన్నారు. బతిమాలి తీసుకెళ్ళాను. యంత్రం మీద ఉన్న నాలుగు గంటలూ పక్కన కూర్చుని కీర్తనలు చదువుతాను. చలి వేస్తోందంటారు, నా చీర కొంగు కప్పుతాను. డయాలసిస్‌కు తీసుకెళ్తే దేవుణ్ణి అనుమానించినట్టా? మానేయనిస్తే ఆయన ఏమవుతారు? నా విశ్వాసంలో బలం లేదా?

జవాబు: అమ్మా, మీరు చివర అడిగినదానికి నేనూ చివరే జవాబిస్తాను. ముందు తొందరైన సంగతి. వచ్చే డయాలసిస్ మానవద్దు. ఆ తర్వాతదీ మానవద్దు.

వారానికి 168 గంటలు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ కిడ్నీలు ఆ 168 గంటలూ రక్తాన్ని వడకడుతూనే ఉంటాయి. మీ ఆయనకు ఆ పని జరిగేది యంత్రం మీద ఉన్న 12 గంటలే. అవీ లేకపోతే ఒంట్లో నీరు చేరుతుంది, ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, పడుకుంటే ఊపిరాడదు. రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. ఒక్కోసారి ఏ సూచనా లేకుండానే గుండె ఆగిపోతుంది. కిడ్నీలు పూర్తిగా పోయినవారు యంత్రం మానేస్తే చాలామందికి మిగిలేవి కొన్ని రోజులు, మహా అయితే కొన్ని వారాలు. మిమ్మల్ని భయపెట్టాలని రాయడం లేదు. "మానేయనిస్తే ఏమవుతారు" అని మీరే అడిగారు, దానికి మెత్తని జవాబు నా దగ్గర లేదు. ఇలాంటి కూటం నుంచే వచ్చి మందులు పారేసిన ఒకాయన ఇంటికి నేను పదకొండో రోజున వెళ్ళాను. వాకిట్లో అప్పటికే షామియానా వేసి ఉంది. ఆయన భార్య నన్ను అడిగింది మీరడిగిన మాటే: నా విశ్వాసం చాలలేదా అని.

నేనూ విజయనగరంలో సంఘంలోనే పెరిగినదాన్ని. అందుకే ఆ ప్రసంగీకుడి మాట గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. ప్రార్థన చేయడం తప్పు కాదు. పెద్దలను పిలిచి నూనె రాసి ప్రార్థించమని యాకోబు పత్రికలోనే ఉంది. చేయి తల మీద పెట్టినంత వరకూ ఆయన చేసింది సరే. "యంత్రంతో పనేమిటి" అన్న మాట దగ్గరే ఆయన తనకు తెలియని పనిలో వేలు పెట్టాడు. యేసు కుష్ఠరోగిని బాగుచేశాక ఏమన్నాడు? వెళ్ళి యాజకుడికి కనబరచుకో అన్నాడు. ఆ రోజుల్లో రోగం పోయిందో లేదో చూసి తేల్చేది యాజకుడే. ఇవాళ మీ ఆయన విషయంలో ఆ పని రక్తపరీక్షది. డయాలసిస్‌కు ముందు తీసిన రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టాల్సిన మలినం), పొటాషియం ఎంత ఉన్నాయో చూసి, ఇక యంత్రం అక్కర్లేదని డాక్టరు చెబితే అప్పుడు మానండి. ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పండి, వినడానికి నేనూ వస్తాను.

మందు ముట్టుకుంటే విశ్వాసం పోతుందనే మాట మీ ప్రాంతంలో వినిపించడం నాకు మరీ విడ్డూరం. ఉద్దానం పల్లెల్లో సువార్త చెప్పిన కెనడా బాప్టిస్టు మిషన్ వారే సోంపేటలో ఆసుపత్రి పెట్టారు. అక్కడ పనిచేసిన డాక్టర్ బెన్ గలిసన్ కంటి శుక్లాలకు ఆపరేషన్లు చేసి చూపు తెప్పించిన పనికి తోడుగానే 1963లో కెనడాలో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పుట్టింది. ప్రార్థన చేసుకుని కత్తి పట్టిన మనుషులు వాళ్ళు. మీ సంఘంలో వయసైన వాళ్ళను అడిగి చూడండి, ఆ ఆసుపత్రిలో కట్టు కట్టించుకున్నవారో, కళ్ళు చూపించుకున్నవారో ఒకరైనా ఉంటారు.

ఇక పౌలు. ఎఫెసులో ఆయన ఒంటికి తగిలిన చేతిగుడ్డలు తీసుకెళ్ళి వేస్తే రోగాలు పోయాయని అపొస్తలుల కార్యాల్లో చదువుతాం. అదే పౌలు తిమోతికి రాసిన రెండో పత్రికలో, తనతో ప్రయాణించిన త్రోఫిము రోగిగా ఉంటే మిలేతులో విడిచి వచ్చానంటాడు. చేతిగుడ్డ ఒకటి అక్కడ పెట్టి రావచ్చు కదా? త్రోఫిముకు విశ్వాసం చాలలేదని కూడా రాయలేదు. తన ఒంట్లో ముల్లులాంటి బాధను తీసేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నాడు, వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును" అని. మీ కూటంలోని అక్క పౌలునూ అడుగుతుందేమో, ఒప్పుకోని పాపమేమిటని.

ఆ పాపం మాట మనసులోంచి తీసేయండి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, ఎవరి పాపం అని శిష్యులు అడిగితే, వీడిదీ కాదు, వీడి తల్లిదండ్రులదీ కాదు అన్నాడు ప్రభువు. మీ కళ్ళ ముందే చూడండి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఏ మండలంలో చూసినా ఈ జబ్బు గుడికి వెళ్ళేవాళ్ళకూ వచ్చింది, చర్చికి వెళ్ళేవాళ్ళకూ వచ్చింది. నీటిలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీళ్ళు తాగకుండా పనిచేయడమన్నారు, నొప్పి మాత్రలన్నారు. శాస్త్రజ్ఞులు ఇంకా ఒక్క కారణాన్ని తేల్చలేకపోయారు. అందుకే 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రితో పాటు కిడ్నీ పరిశోధన కేంద్రం కూడా తెరిచారు. వాళ్ళింకా వెతుకుతున్న కారణాన్ని ఆ అక్క ఒక్క సాయంత్రంలో కనిపెట్టేసింది! ఆమెతో వాదానికి దిగకండి. "అక్కా, మా కోసం ప్రార్థన చెయ్యి. శనివారం నేను పనికి వెళ్ళాలి, ఆయనతో నువ్వు కూర్చుంటావా" అని అడగండి. వస్తే మీకు ఒకరోజు కూలి మిగులుతుంది. రాకపోతే ఆ మాట మళ్ళీ అనదు.

ఇప్పుడు నన్ను ఎక్కువ కలవరపెట్టిన వాక్యం దగ్గరికి వస్తాను. "ఈ డబ్బు పిల్లాడి చదువుకు ఉంచు." అమ్మా, ఇది బాగయ్యాననుకునే మనిషి మాటలా ఉందా? బాగయినవాడు డబ్బు మిగిలింది, పనికి వెళ్తాను అంటాడు. నాకు ఇందులో అలసట వినిపిస్తోంది. ఇంటికి బరువయ్యానన్న బాధ వినిపిస్తోంది. ఒక్కోసారి బతుకు చాలించాలన్న కోరికను మనుషులు భక్తి మాటల్లో చుట్టి చెబుతారు, పక్కవాళ్ళు కాదనలేరు కాబట్టి. మీ ఆయనది అదేనని నేను అనను, అడగమంటాను. పిల్లలు నిద్రపోయాక, విశ్వాసం ఊసు ఎత్తకుండా, "నీకు బతకాలని లేదా" అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి, పుట్టదు. జవాబు మీకు భయం కలిగిస్తే డయాలసిస్ డాక్టరుకు ఆ రోజే చెప్పండి. 14416కు ఫోను చేస్తే టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం) వారు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. డయాలసిస్ రోగులకు ప్రభుత్వం ఇచ్చే 10,000 రూపాయల పింఛను ఆయన పేరున వస్తోందో లేదో మీరు రాయలేదు. రాకపోతే ఆసుపత్రి కాగితాలు పట్టుకుని మీ ఊరి సచివాలయానికి వెళ్ళండి. ఆ డబ్బు తన పేరున ఇంటికి వస్తోందని తెలిస్తే ఆటో ఎక్కడం ఆయనకు కాస్త తేలికవుతుంది. కిడ్నీ మార్పిడికి ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు గురించి కూడా డాక్టరును అడగండి.

ఆయనతో మాట్లాడేటప్పుడు వాక్యాలు వల్లించకండి. ఆయన పని గుర్తుచేయండి. ఇన్నేళ్ళు కొబ్బరి చెట్టెక్కిన మనిషి. ఎక్కేముందు చెట్టు మొదట్లో నిలబడి ప్రార్థన చేసుకునే ఉంటారు. ప్రార్థన చేసుకున్నానని ఏ రోజైనా కాళ్ళకు వేసుకునే తాడు ఇంట్లో వదిలి వెళ్ళారా? దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, కిందికి దూకు, దూతలు పట్టుకుంటారు అని యేసుతో అన్నది సాతానేనని ఆయనకూ తెలుసు. "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు" అన్న జవాబూ తెలుసు. ఇదంతా మీ నోటితో చెప్పడం కష్టమైతే మీ పాస్టరుగారిని ఇంటికి పిలవండి. బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు మర్నాడే వెళ్ళిపోతాడు, సంఘ కాపరి ఊళ్ళోనే ఉంటారు. ఆయన కూడా డయాలసిస్ వద్దంటే, నాకు మళ్ళీ రాయండి.

మీ అత్తగారి సంగతి. మీరు మొక్కనక్కర్లేదు, తీర్థం పుచ్చుకోనక్కర్లేదు, మీ ఆయనకు ఇష్టం లేకపోతే ఆయనా వెళ్ళనక్కర్లేదు. కానీ ఆమెతో పోట్లాట వద్దు. కన్నకొడుకు కోసం ఒక తల్లి ఏడుస్తోంది, మీరూ ఏడుస్తున్నారు. ఆమెతో మీకు అవసరమైన పని వేరే ఉంది: కొబ్బరి బొండాలు. మీ తోటల్లో కొడుక్కి ప్రేమగా ఏమిస్తారు? బొండం కొట్టి ఇస్తారు. డయాలసిస్ మీద ఉన్నవారికి అదే ప్రమాదం. ఒక గ్లాసు కొబ్బరినీళ్ళలో ఒక అరటిపండుకు దగ్గరగా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పొటాషియం ఉంటుంది. పనస తొనలూ అంతే, మీరు తెచ్చే జీడిపప్పూ అంతే. రోజుకు ఎన్ని నీళ్ళు తాగవచ్చో కూడా డాక్టరునే అడిగి, ఒక సీసాలో కొలిచి పోసి ఆమె చేతికే ఇవ్వండి. ఆ సీసా కాపలా ఆమెదైతే కొడుకు కోసం ఏదో చేస్తున్నానన్న తృప్తి ఆమెకూ ఉంటుంది.

శుక్రవారం ఉపవాసం మీ ఇష్టం, కానీ నీళ్ళు తాగకుండా వద్దు. ఉద్దానం ఎండలో దినమంతా పనిచేస్తూ నీళ్ళు మానేస్తే మీ కిడ్నీలకే ముప్పు. మీరూ, పిల్లలూ ఒకసారి క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి.

ఇక మీ చివరి ప్రశ్న. బలమైన విశ్వాసం అంటే కూటంలో గట్టిగా ఆమేన్ అనేవాళ్ళదని మీకెవరో నేర్పినట్టున్నారు. మార్కు సువార్తలో ఒక తండ్రి ఉన్నాడు, మూర్ఛరోగి అయిన కొడుకును తెచ్చినవాడు. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అన్నాడు. సగం నమ్మకం, సగం భయం, రెండూ ఒకే ఊపిరిలో. ముందు నూరు శాతం నమ్మి రా అని యేసు ఆయన్ని వెనక్కి పంపలేదు. మీ ఉత్తరం నిండా నాకు ఆ తండ్రే కనిపించాడు. ఏడాదిలో దాదాపు నూట యాభైసార్లు ఆటో ఎక్కించారు. కూలి పోతుందని తెలిసీ నాలుగేసి గంటలు పక్కన కూర్చున్నారు. దేవుడు జవాబివ్వడం లేదని ఏడుస్తూనే ఆయనకు కీర్తనలు చదివి వినిపించారు. ఎవరూ చూడని చోట, వేదిక లేని చోట చేశారు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని రహస్యమందున్న తండ్రికి ప్రార్థించమన్నది ఇలాంటి చోటికేనని నేననుకుంటాను. దాని బలం మీ ఆయన కిడ్నీలను తిరిగి పనిచేయిస్తుందో లేదో నేను చెప్పలేను, చెప్పగలనని ఎవరైనా అంటే నమ్మకండి. మిమ్మల్ని మాత్రం అది ఏడాదిగా పడిపోకుండా నిలబెట్టింది.

గురువారం వెళ్ళేటప్పుడు ఒక దుప్పటి సంచిలో పెట్టుకోండి. చీర కొంగు చాలదు, నాలుగు గంటల చలి అది.