చేతికి బీపీ 124, రిపోర్టులో 49... ఏది నిజం?

ప్రశ్న: మా అమ్మకు 63 ఏళ్లు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని 2డి ఎకో తీయించాం. రిపోర్టులో ‘మైల్డ్ టీఆర్, ఆర్‌వీఎస్‌పీ 49’ అని రాశారు. చేతికి చూస్తే బీపీ 124/80. మరి ఈ 49 ఏంటి? సూది కూడా గుచ్చకుండా గుండెలో ప్రెషర్ ఎలా తెలిసింది? ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: రెండూ నిజమేనమ్మా. చేతికి చూసేది గుండె ఎడమవైపు నుంచి ఒళ్లంతటికీ వెళ్లే రక్తం ప్రెషర్. రిపోర్టులోని ఆర్‌వీఎస్‌పీ 49 అన్నది కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే రక్తానిది. అక్కడ మామూలుగా 30 లోపే ఉంటుంది కాబట్టి 49 అంటే ఎక్కువే.

అసలు ఎకో మిషన్ ప్రెషర్‌ని కొలవనే కొలవదు, రక్తం ఎంత వేగంగా పరుగెడుతోందో కొలుస్తుంది. మొక్కలకు నీళ్లు పెట్టే పైపు మూతిని బొటనవేలితో నొక్కి పట్టారనుకోండి, లోపల ఒత్తిడి ఎంత ఉంటే నీళ్లు అంత జోరుగా చిమ్ముతాయి కదా. టీఆర్ అంటే కుడివైపు రెండు గదుల మధ్య వాల్వ్ కాస్త లీకవడం (కొద్దిపాటి లీకు ఆరోగ్యంగా ఉన్న చాలామందికీ ఉంటుంది, దానికి భయపడకండి). ఆ లీకు చిమ్మే వేగాన్ని డాప్లర్‌తో (ఎకోలోనే రక్తం వేగాన్ని చూపే పద్ధతి) చూసి, ఆ అంకెను దానితోనే గుణించి, మళ్లీ 4తో గుణిస్తారు. వేగం సెకనుకు 3.2 మీటర్లు ఉంటే 41 వస్తుంది. దానికి పై గదిలో ఉండే ప్రెషర్ కలపాలి. టెస్టు మధ్యలో ‘ముక్కుతో గట్టిగా గాలి పీల్చమ్మా’ అని ఉంటారే, అది ఇందుకే. అప్పుడు పొట్టలోంచి గుండెకు వచ్చే పెద్ద సిర సగానికి పైగా ముడుచుకుంటే 3, ఉబ్బిపోయి సరిగా ముడుచుకోకపోతే 15, మధ్యస్తంగా ఉంటే 8 వేస్తారు. 41కి 8 కలిపితే మీ 49! స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు 1984లోనే ఈ లెక్కను గుండెలోకి గొట్టం పంపి కొలిచిన ప్రెషర్‌తో పోల్చి చూపించారు.

అయితే ఇది అంచనాయే. 3.2 బదులు 3 అని చదివితే 49 కాస్తా 44 అయిపోతుంది. ప్రోబ్ (ఛాతీ మీద ఆనించే పరికరం) లీకుకు ఎదురుగా కాకుండా పక్కకు ఉన్నా అంకె తగ్గుతుంది. లీకే లేకపోతే ఈ లెక్క కుదరదు, అలాగని ప్రెషర్ నార్మల్ అనీ కాదు. అందుకే ‘పోయిన ఏడాది 44, ఇప్పుడు 49’ అని బెంగపడేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, అంత తేడా కొలతలోనే రావచ్చు.

ప్రెషర్ ఎందుకు పెరిగిందన్నదే మీరు డాక్టర్‌ని అడగాల్సింది. ఎడమ గుండె బలహీనత, ఊపిరితిత్తుల జబ్బు, గురకతో నిద్రలో ఊపిరి ఆగడం, పాత రక్తపు గడ్డలు, ఏదైనా కావచ్చు. అమ్మ ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి మీద వండి ఉంటే ఆ సంగతీ చెప్పండి, అడిగేదాకా ఎవరూ చెప్పరు. గొట్టం పంపి కొలిచే పరీక్ష అందరికీ అక్కర్లేదు, అవసరమైతే డాక్టరే చెబుతారు. కళ్లు తిరిగి పడిపోయినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా మాత్రం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.